గడ్డం కింద గుమ్మటం

నిరుడు వేసవిలో వనస్థలిపురంలో ఒక షష్టిపూర్తికి ఫొటోలు తీస్తున్నప్పుడు, గుప్పిట్లో పట్టేంత ఫ్లాష్ మీటర్‌ను ఇంటి పెద్దావిడ గడ్డం దగ్గరికి తీసుకువెళ్లగానే ఆమె కొంచెం వెనక్కి జరిగి, "అదేమిటి నాయనా, జ్వరం చూస్తున్నావా?" అని అడిగారు. "కాదు మామ్మగారూ, మీ మీద ఎంత వెలుతురు పడుతోందో చూస్తున్నాను" అన్నాను. "ఆ మాత్రం నీ కెమెరాకు తెలియదా?" అన్నారామె. ఇదే ప్రశ్నను ఈ వృత్తిలో ఉన్నవాళ్లు కూడా తరచుగా అడుగుతుంటారు. అక్కడ పీటల మీద కూర్చున్నవాళ్లను నిలబెట్టి జవాబు చెప్పే వీలు లేక నవ్వి ఊరుకున్నాను గనుక, ఇక్కడ తీరికగా చెబుతున్నాను.

కెమెరాకు తెలిసేది మనిషి మీద పడే వెలుతురు కాదు, మనిషి మీద పడి తిరిగి వచ్చే వెలుతురు. అలా వచ్చిన వెలుతురు ఎంతైనా సరే, అది మధ్యస్థమైన బూడిద రంగు వస్తువు నుంచి వచ్చిందన్న ఊహ మీదనే కెమెరా లోపలి మీటర్ లెక్క కడుతుంది. ఇప్పటి కెమెరాలు ముఖాలను గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గానీ, పునాది లెక్క మాత్రం అదే. పెళ్లిలో వధూవరులు తెల్లని మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్నప్పుడు ఫ్రేము నిండా తెలుపే ఉంటుంది కనుక, కెమెరా చెప్పినట్టు నడుచుకునే టీటీఎల్ ఫ్లాష్ వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిపోతుంది. మధుపర్కాలు మాసిన బట్టల్లా, ముఖాలు నల్లబడి వస్తాయి. అదే వరుడు సాయంత్రం రిసెప్షన్‌కు నల్ల సూటు వేసుకుని వస్తే ఫ్లాష్ అవసరానికి మించి వెలుగుతుంది. సూటు బూడిద రంగుకు తిరిగి, ముఖం పాలిపోతుంది. రెండు ఫ్రేములలోనూ ముఖం ఒకటే, దానికి కావలసిన వెలుతురూ ఒకటే. మారినది బట్ట మాత్రమే.

చేతి మీటర్ బట్టను చూడదు. దాని నెత్తిన తెల్లటి అర్ధగోళం ఒకటి ఉంటుంది. మా సహాయకుడు దానిని గుమ్మటం అంటాడు, కుతుబ్‌షాహీ సమాధుల ఊళ్లో అంతకన్న మంచి పేరు దొరకదు. ముఖం ఉన్నచోట ఆ గుమ్మటాన్ని పెడితే, ముఖం మీద ఏయే వైపుల నుంచి ఎంత వెలుతురు పడుతుందో గుమ్మటం మీదా అంతే పడుతుంది. ముఖం కాగితంలా చదునైనది కాదు గనుక దానిని కొలిచేది కూడా గుండ్రంగానే ఉండాలన్నది ఇందులోని ఆలోచన. ఈ పద్ధతికి అమెరికాకు చెందిన డాన్ నార్వుడ్ 1940లో పేటెంట్ పొందాడు. ఆయన పేరుతో వచ్చిన నార్వుడ్ డైరెక్టర్ మీటర్ వంశంలోనిదే, పాతతరం స్టూడియోలలో ముల్లుతో పని చేసే సెకోనిక్ స్టూడియో డీలక్స్.

అయితే ముల్లు మీటర్ కిటికీ వెలుతురునో బల్బు వెలుతురునో కొలవగలదు గానీ ఫ్లాష్‌ను కొలవలేదు. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు దరిదాపుల్లో; ముల్లు కదిలే లోపలే అంతా అయిపోతుంది. ఫ్లాష్ మీటర్ ఆ క్షణం కోసం కాచుకుని ఉండి, వెలుతురు ఒక్కసారిగా ఎగసినప్పుడు దానిని మొత్తంగా కూడబెట్టి, మనం ముందే చెప్పిన ఐఎస్ఓకు (ఫిల్ము గానీ సెన్సర్ గానీ వెలుతురుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెకు) తగిన అపర్చర్ అంకెను, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకెను, చూపిస్తుంది. ఆ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. షట్టర్ వేగానికి ఇందులో పాత్ర దాదాపు లేదు. చాలా కెమెరాలలో 1/200 గానీ 1/250 గానీ సింక్ వేగానికి, అంటే ఫ్లాష్‌తో కలిసి నడవగల షట్టర్ వేగానికి, హద్దు. ఆ హద్దు దాటకుండా ఉన్నంతవరకు షట్టర్ 1/60లో ఉన్నా 1/160లో ఉన్నా ఫ్లాష్ వెలుతురు అంతే.

నేను పని నేర్చుకున్న సికింద్రాబాద్ స్టూడియోలో మాస్టారికి మీటర్ లేదు, ఆయనకు ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు నోటికి వచ్చు. ఐఎస్ఓ 100 దగ్గర మీటర్ల లెక్కన గైడ్ నంబరు 36 ఉన్న ఫ్లాష్‌తో నాలుగున్నర మీటర్ల దూరంలో ఉన్నవాళ్లను తీయాలంటే 36ను 4.5తో భాగించి అపర్చర్ ఎఫ్/8 పెట్టేవారు, ఫిల్ము మీద అది చక్కగా వచ్చేది. కానీ ఆ లెక్క ఫ్లాష్‌ను నేరుగా మనిషి మీదకు తిప్పినప్పుడే చెల్లుతుంది. వెలుతురును మెత్తబరిచే స్టూడియో గొడుగులోకి కొట్టినా, సీలింగ్‌కు కొట్టినా, ముందు తెల్ల గుడ్డ ఉండే సాఫ్ట్‌బాక్స్ తొడిగినా వెలుతురు ఎంత తగ్గుతుందో ఆ అంకె చెప్పదు. మాస్టారు గొడుగుకు ఒకటిన్నర స్టాప్ కలుపుకొమ్మనేవారు (స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు; 4, 5.6, 8, 11 అంకెల మధ్య ఒక్కో మెట్టు). ఆయన గొడుగుకు, ఆయన గదికి, ఆయన సున్నం గోడలకు అది సరిపోయింది. నా గొడుగు వేరు, నా గోడలూ వేరు.

నా మొదటి మీటర్‌ను కోఠిలో పాత సామాను అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. అది సెకోనిక్ ఎల్-308ఎస్. ఒక్క పెన్సిల్ సెల్లుతో నడుస్తుంది, ఆ సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. తరువాత కొన్న ఎల్-358కు సీఆర్123ఏ బ్యాటరీ కావాలి, అది ఆదివారం సాయంత్రం అయిపోతే వీధి వీధీ తిరగవలసి వస్తుంది. ఈ చిన్న సంగతిని ఎవరూ ముందుగా చెప్పరు కనుక చెప్పాను. పాతవి కొనేవారికి మరొక మాట: మినోల్టా మీటర్లు కూడా మంచివే. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకున్న తరువాత వాటిలో కొన్ని కెన్కో పేరుతో వచ్చాయి. పేరు వేరుగా ఉందని వెనుకాడనక్కరలేదు.

ఆ ఎల్-308ఎస్‌తో నేను చేసిన మొదటి పని మా మేనమామ కూతురి ఓణీల వేడుక. మీటర్ తెర మీద పెద్దగా 8, దాని పక్కన చిన్నగా 7 కనిపించింది. నేను దానిని ఎనిమిది పాయింట్ ఏడు అని చదివాను. అలాంటి అంకె కెమెరాలో లేదు గనుక, కొద్దిపాటి తేడాకు ఏమవుతుందిలే అనుకుని ఎఫ్/8లోనే ఉంచి సాయంత్రం దాకా తీశాను. నిజానికి ఆ చిన్న 7కు అర్థం, 8 నుంచి 11 దాకా ఉన్న ఒక స్టాప్‌లో పది వంతులకు ఏడు వంతులు పైకి వెళ్లమని. కెమెరా చక్రం స్టాప్‌లో మూడో వంతు చొప్పున కదులుతుంది కనుక రెండు క్లిక్కులు తిప్పి ఎఫ్/10 పెట్టవలసింది. పెట్టలేదు. ఆ రోజు నేను తరువాత సరిదిద్దుకునే వీలు ఎక్కువగా ఉండే రా ఫైళ్లు కూడా తీయలేదు, అన్నీ జేపెగ్‌లే. మరదలి గద్వాల్ పట్టు లంగా అంచులో జరీ ఉండవలసిన చోట తెల్లటి పట్టీ, నుదుటి మీద కుంకుమ బొట్టు పక్కన మెరుపు మచ్చ. అత్తయ్య ఆ ఆల్బమ్‌ను ఇప్పటికీ ఇష్టంగానే చూపిస్తారు, నేనే ఆ గదిలో కూర్చోలేను.

ఆ మీటర్‌కే మరొక చిక్కు ఉంది. దాని గుమ్మటం పక్కకు జరుగుతుంది. జరిపితే అది తిరిగి వచ్చే వెలుతురును కొలిచే మీటర్‌గా మారిపోతుంది. జేబులో పెట్టి తీసేటప్పుడు వేలు తగిలి సగం జరిగిందంటే అంకె ఎటు పోతుందో చెప్పలేం. అందుకని కొలిచే ముందు బొటనవేలితో గుమ్మటాన్ని తడిమి చూడడం నాకు అలవాటైంది, తాళం వేసిన తరువాత తలుపును ఒకసారి లాగి చూసినట్టుగా.

తీగ లేకుండా కొలిచే పద్ధతిలో బటన్ నొక్కితే మీటర్ సుమారు 90 సెకన్ల పాటు ఫ్లాష్ కోసం ఎదురుచూస్తుంది. ఆలోగా మనం ట్రిగ్గర్ నొక్కాలి. స్టూడియోలో ఇది హాయిగా ఉంటుంది. ఫంక్షన్ హాలులో మాత్రం మన ట్రిగ్గర్ కన్నా ముందు ఎవరో బంధువు కెమెరా ఫ్లాష్ వెలుగుతుంది, మీటర్ దానినే పట్టుకుని అంకె చూపిస్తుంది. ఎల్బీనగర్ వైపు ఒక హాలులో వేదిక మీద నేను వరుసగా మూడుసార్లు కొలిస్తే 5.6, 2.8, మళ్లీ 5.6 వచ్చాయి, మధ్యలోని 2.8 పెళ్లికొడుకు స్నేహితుడిది. అప్పటినుంచి ఒక్క అంకెను నమ్మను, రెండుసార్లు ఒకే అంకె వస్తేనే కెమెరా ముట్టుకుంటాను. సొంత ఫ్లాష్‌తోనూ ఈ ప్రమాదం ఉంది. టీటీఎల్‌లో ఉన్న ఫ్లాష్ అసలు వెలుగుకు ముందు పరీక్ష కోసం ఒక చిన్న వెలుగు వదులుతుంది, కంటికి రెండూ ఒక్కటిగానే తోస్తాయి, మీటర్ మాత్రం ఆ మొదటి దానికే మోసపోతుంది. మీటర్ వాడాలంటే ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టడం తప్పనిసరి.

గుమ్మటాన్ని ఎటు తిప్పాలన్నది ఈ వృత్తిలో తెగని తగువు. కెమెరా వైపు అని కొందరు, లైటు వైపు అని కొందరు. లైటు ముఖానికి సరిగ్గా పక్కనుంచి వస్తున్నప్పుడు మీటర్‌ను కెమెరా వైపు తిప్పి పట్టుకుంటే గుమ్మటం అష్టమి నాటి చంద్రుడిలా సగమే వెలుగుతుంది. సగం వెలిగింది గనుక మీటర్ ఇంకొక స్టాప్ వెలుతురు అడుగుతుంది. ఆ మాట వింటే నీడ వైపు చెంప కాస్త తేరుకుంటుంది, వెలుతురు వైపు చెంప మాత్రం తెల్లబారే దాకా పోవచ్చు. లైటు వైపు తిప్పితే వెలుతురు వైపు చెంప కచ్చితంగా వస్తుంది, నీడ నీడగానే ఉండిపోతుంది. నా మటుకు ముఖ్యమైన లైటును దాని వైపే తిప్పి కొలుస్తాను. డిజిటల్‌లో తెల్లగా పోయిన చెంపను తిరిగి తేలేము, నల్లబడిన చెంపను కొంతవరకైనా తేగలము. నీడ వైపు ఎంత ఉండాలో రెండో లైటుతో విడిగా నిర్ణయించుకుంటాను. ఎల్-358లో గుమ్మటం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పితే గుమ్మటం లోపలికి దిగుతుంది, అప్పుడు ఒక లైటును పక్క లైటు నుంచి వేరు చేసి కొలవడం సులువు. పెళ్లికూతురి చిత్రానికి ముఖ్యమైన లైటు 8, నీడలు నింపే లైటు 4 ఉంటే వాటి మధ్య రెండు స్టాప్‌ల తేడా, అంటే ఒకటి మరొకదానికి నాలుగు రెట్లు. ముక్కుపుడక వైపు నీడ నిలుస్తుంది, బుగ్గ మీద మసి పూసినట్టు మాత్రం ఉండదు.

మళ్లీ వనస్థలిపురానికి వస్తాను. ఆ షష్టిపూర్తి జరిగినది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. హోమం, భోజనాలు అయ్యాక రెండు వరుసలలో పద్నాలుగు మంది నిలబడ్డారు, ముందు వరుసకు కుర్చీలు. మొదట నేను ఒక పెద్ద గొడుగును కుడి చివర ఉన్నవారికి మీటరున్నర దూరంలో పెట్టాను. కుడి చివర మీటర్ 11 చూపింది. ఎడమ చివర, లైటుకు దాదాపు నాలుగు మీటర్ల దూరంలో ఉన్న చిన్న కోడలి దగ్గర 4, దాని పక్కన చిన్న 6. రెండు స్టాప్‌లకు పైగా తేడా. వెలుతురు దూరంతో కాక దూరం వర్గంతో తగ్గుతుందని బడిలో చదువుకున్నదే. ఒక మీటర్ దగ్గర 11 ఉన్నది 1.4 మీటర్ల దగ్గర 8 అవుతుంది, రెండు మీటర్ల దగ్గర 5.6 అవుతుంది. గోడల నుంచి కొంత వెలుతురు తిరిగి వచ్చింది కాబట్టి ఆ కోడలికి ఆ మాత్రమైనా దక్కింది. ఫొటో అలాగే తీసి ఉంటే పెద్దకొడుకు కుటుంబం పట్టపగల్లోనూ చిన్నకొడుకు కుటుంబం మునిమాపులోనూ ఉండేవి, ఆ ఇంట్లో ఆ తేడాకు వేరే అర్థం తీసేవారు కూడా ఉండి ఉంటారు.

గొడుగును నాలుగు మీటర్ల దూరానికి వెనక్కి జరిపాను. రెండవ గొడుగును అంతే దూరంలో ఎడమ వైపున పెట్టి, రెండింటినీ ఎదుటి చివరల వైపు గురి పెట్టాను. దూరం పెరిగినందుకు దాదాపు మూడు స్టాప్‌ల వెలుతురు పోయింది, అందుకని లైట్ల శక్తిని బాగా పెంచవలసి వచ్చింది. ఈసారి కుడి చివర 8, మధ్యలో 8 పక్కన 2, ఎడమ చివర 5.6 పక్కన 8. ఆఖరిది వినడానికి దూరంగా ఉన్నా, 8కి రెండు పదో వంతులు మాత్రమే తక్కువ; ముందు వరుస ముఖాల మధ్య మొత్తం తేడా అర స్టాప్ కన్నా తక్కువ. వెనుక వరుసలో మాత్రం 5.6 పక్కన 5 వచ్చింది. రెండు స్టాండ్లనూ పైకి లేపి, శక్తిని మరికొంచెం పెంచాను. లైటు ఎత్తుకు పోయేకొద్దీ ముందు వరుసకు, వెనుక వరుసకు దాని నుంచి ఉన్న దూరాలు దగ్గరపడతాయి. వెనుక వరుస 5.6 పక్కన 8 దాకా వచ్చాక కెమెరాలో ఎఫ్/8 పెట్టాను, రెండు వరుసలూ ఫోకస్‌లో ఉండడానికి కూడా అదే అనువు. మామ్మగారి గడ్డం కింద మీటర్ పెట్టినది ఈ నడుమనే. అందరినీ నిలబెట్టి ఇంత సేపు కొలవడం పద్ధతి కాదని తెలుసు. నిజానికి చాలా భాగం సహాయకుడిని ఒక్కొక్క చోట నిలబెట్టి ముందే కొలుచుకున్నాను, ఆఖరి నాలుగు అంకెలకే కుటుంబాన్ని కదలవద్దన్నాను.

మీటర్ ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. బిద్రీ సామాను దుకాణానికి కూజాలు, పాన్‌దాన్‌లు ఫొటో తీసినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. బిద్రీ వస్తువు శరీరం జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిసిన లోహం. అందులో వెండి తీగనో రేకునో పొదిగి, బీదర్ కోట మట్టితో చేసిన ద్రావణంలో వేస్తే లోహం నల్లబడుతుంది, వెండి వెండిగానే మిగులుతుంది. కెమెరా మీటర్ ఆ నలుపును చూసి బూడిద రంగు చేద్దామని తాపత్రయపడుతుంది. చేతి మీటర్ దగ్గర ఆ బాధ లేదు. అది 11 అంటే 11, నలుపు నలుపుగానే వస్తుంది. కానీ వెండి తీగ సంగతి వేరు. మెరిసే లోహంలో మనకు కనిపించేది దాని మీద పడిన వెలుతురు కాదు, దానిలో ప్రతిబింబించిన సాఫ్ట్‌బాక్స్. సాఫ్ట్‌బాక్స్‌ను రెట్టింపు దూరానికి జరిపితే మీటర్ 5.6 చూపిస్తుంది, నల్ల లోహం నిజంగానే రెండు స్టాప్‌లు చీకటవుతుంది; వెండిలో సాఫ్ట్‌బాక్స్ ప్రతిబింబం మాత్రం చిన్నదవుతుంది తప్ప దాని తీక్షణత తగ్గదు. అద్దంలో దీపం చూస్తూ వెనక్కి నడిచినా ఇంతే. ఆ రోజు నేను మీటర్ చెప్పినట్టు ఎఫ్/11లో తీస్తే పువ్వు రేకుల చెక్కడం మొత్తం తెల్లటి ముద్దగా వచ్చింది. చివరకు లైటుకూ కూజాకూ మధ్య పలుచని ట్రేసింగ్ కాగితాన్ని పెద్ద తెరలా వేలాడదీసి, వెండిలో కనిపించేది ఆ కాగితమే అయ్యేలా చేశాను. కాగితం మీద వెలుతురు విస్తరించి పలచబడింది గనుక మెరుపు కూడా పలచబడింది. ఆ తరువాత కొలిస్తే వచ్చిన అంకె కన్నా అర స్టాప్ వెలుతురు తగ్గించి తీశాను, ఆ అర స్టాప్‌ను చెప్పినది మాత్రం కెమెరా తెర మీద ఫొటోలోని వెలుగునీడల పంపకాన్ని గీసి చూపే హిస్టోగ్రామే. పత్తర్‌గట్టి ముత్యాలు కొంత నయం, వాటి ఒంటికి మెత్తదనం ఉంది. గాజు సీసాలకు మీటర్ ఎందుకూ పనికిరాదు.

ఆరుబయట సాయంకాలపు పనికి దీనికన్న చక్కటి సాధనం లేదు. హుస్సేన్ సాగర్ గట్టున సంధ్య వేళ జంటను నిలబెట్టి, ఫ్లాష్‌ను ఎఫ్/5.6 దగ్గర కట్టడి చేసుకుంటే, ఆకాశం చీకటిపడుతున్న కొద్దీ షట్టర్‌ను 1/200 నుంచి 1/100కు, అక్కడి నుంచి 1/50కి దించుకుంటూ పోవచ్చు. ముఖాలు ఉన్నచోటనే ఉంటాయి, వెనుక ఆకాశం నిలుస్తుంది. ఎల్-358 మొత్తం వెలుతురులో ఫ్లాష్ వాటా ఎంతో శాతాలలో కూడా చెబుతుంది.

కెమెరా వెనుక తెర ఉండగా మీటర్ ఎందుకన్నవారికి నేను రెండు విషయాలు చెబుతాను. చీకటి సెల్లార్‌లో ఆ తెర ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తుంది, మే నెల ఎండలో ఎప్పుడూ మసకగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ ఫ్రేము మొత్తం గురించి చెబుతుంది, చిన్న కోడలి ముఖం గురించి విడిగా చెప్పదు. మూడవది కూడా ఉంది గానీ, అది వ్యాపారానికి సంబంధించినది: లాడ్ బజార్ లక్క గాజుల జతలు ఈ నెల కొన్ని వస్తాయి, మూడు నెలలకు మరికొన్ని వస్తాయి, రెండు విడతలూ ఒకే పేజీలో పక్కపక్కన నిలబడాలి. నోట్‌బుక్‌లో "సాఫ్ట్‌బాక్స్ 80 సెంటీమీటర్లు, 11 పక్కన 5" అని రాసి ఉంటే ఆ పని పావుగంటలో తేలిపోతుంది.

మీటర్‌కూ కెమెరాకూ మధ్య చిన్న పేచీ సహజం. తిరిగి వచ్చే వెలుతురు లెక్కకు వాడే స్థిరాంకం కూడా అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. సెకోనిక్, నికాన్, కేనన్ 12.5 తీసుకుంటే మినోల్టా, పెంటాక్స్ 14 తీసుకున్నాయి. అందుకని కొన్న రోజే మధ్యస్థమైన బూడిద రంగు అట్టను, అంటే గ్రే కార్డును, ఫొటో తీసి, తేడా ఎంతో చూసుకుని మీటర్‌లోనే సరిదిద్దుకోవడం మంచిది. నాది మూడు పదో వంతులు.

పాత ఎల్-308ఎస్‌ను ఇప్పుడు మా సహాయకుడు వాడుతున్నాడు. ఒక పెళ్లికూతురిని చేసే వేడుకలో, నలుగు పెట్టిన వెంటనే పిల్ల గడ్డం కింద కొలవబోయి దాని గుమ్మటాన్ని తడి పసుపుకు తాకించాడు. సబ్బు నీళ్లతో తుడిచినా, ఎండలో పెట్టినా మరక పూర్తిగా పోలేదు. ఒక వైపు లేత పసుపు నీడ నిలిచిపోయింది. రెండు మీటర్లనూ పక్కపక్కన పట్టుకుని ఒకే ఫ్లాష్‌ను పదిసార్లు కొలిస్తే, పాతది ప్రతిసారీ రెండు పదో వంతులు తక్కువ చూపింది. కొత్త గుమ్మటం తెప్పిస్తానంటే వాడు వద్దన్నాడు. మీటర్ వెనుక తెల్ల ప్లాస్టర్ ముక్క అతికించి, దాని మీద బాల్ పెన్నుతో "పసుపుకు 2 కలుపు" అని రాసుకున్నాడు.